అడిగి పోగొట్టుకున్న బాట

పోయిన వారం ప్లీడరుగారిని రేకు బోర్డు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. ఎండ మాడు పగలగొడుతున్నా చేతిలో ఉన్న గొడుగు తెరవాలన్న ధ్యాస లేదు. తాళ్ళ కార్ఖానా గోడకి కొత్తగా మెరిసిపోతున్న ఆ బోర్డుని రెండోసారి చదువుతున్నారు. 'ఈ స్థలము ప్రభుత్వ అనుమతితో వాడుకొనబడుచున్నది.'

సంగతి తెలియనివారికి నాలుగు ముక్కలు. ఈ ఊరిని నది రెండుగా చీల్చింది. ఒకప్పుడు రెండు ఒడ్లకూ రెండు ప్రభుత్వాలు ఉండేవి. ఇప్పుడు ప్రభుత్వం ఒకటే, ఆఫీసులూ ఒకటే, మధ్యన వంతెన కూడా పడింది. చట్టాలు మాత్రం ఏ ఒడ్డువి ఆ ఒడ్డునే ఉండిపోయాయి. అవతలి ఒడ్డున ప్రతిదీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఏం చెయ్యాలన్నా ఆఫీసులో అడిగి, పుస్తకం తెరిపించి, అప్పుడు చేస్తారు. ఇవతల పుస్తకం పలచన. జనం ఎంతకాలంగా ఏం చేస్తూ వచ్చారు, తగాదా వచ్చినప్పుడు వెనకటి జడ్జీలు ఏమన్నారు, అదే చట్టం. అందుకే దాన్ని పుస్తకపు ఒడ్డనీ దీన్ని వాడుక ఒడ్డనీ అంటారు. మన కోడలు పుస్తకపు ఒడ్డు పిల్ల. అత్తగారు వాడుక ఒడ్డున పుట్టి, పెరిగి, అక్కడే తాళ్ళు పేనుతున్న మనిషి.

తాళ్ళ పనికి అన్నిటికంటే ముందు కావలసింది పొడుగు. పేనే తాడుని మూల తిప్పడానికి వీల్లేదు. పడవలకు కట్టే మోకు ఎంత పొడుగుంటుందో అంత సాఫైన బాట కావాలి. కార్ఖానా షెడ్డు అందులో సగమే. మిగతా సగం నది గట్టు మీద ఉంది. గట్టు ప్రభుత్వానిది. అయినా అత్తగారి మామగారి కాలం నుంచీ ఎవర్నీ అడగకుండా, ఎవరికీ దాచకుండా ఆ గట్టు మీద తాళ్ళు సాగదీస్తూనే ఉన్నారు. కాపరానికొచ్చిన కోడలు అది చూసి బెంబేలెత్తిపోయింది. గట్ల ఇన్‌స్పెక్టరుని అడిగి అనుమతి తెచ్చింది. అత్తగారిని ఆశ్చర్యపరుద్దామని బోర్డు రాయించి, తనే సుత్తి పట్టుకుని గోడకి కొట్టింది. వారం తిరక్కుండానే ఆ బోర్డు చూసి, అడిగితే ఎవరికైనా ఇచ్చే జాగాయే కదా అని, పక్క గోడౌను యజమాని గట్టుకి అడ్డంగా ఇనుప గొలుసు కట్టాడు. లారీలు నిలుపుకోవడానికి ఆ జాగా మీద ఆయన కన్ను ఎప్పట్నించో ఉంది. అత్తగారు లబోదిబోమంటూ ప్లీడరు తమ్ముడికి కబురు పెట్టింది.

అక్కడిదాకా వచ్చాం. ఇక లోపలికి వెళదాం.

కార్ఖానా ఆఫీసు గది అంటే పెద్దగా ఏమీ లేదు. ఓ బల్ల, మూడు కుర్చీలు, గోడకి వేలాడుతున్న తాళ్ళ నమూనాలు, ఎక్కడ చెయ్యి పెట్టినా అంటుకునే నార పీచు. ప్లీడరుగారు కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు కూడా అడగకుండా, "ఆ బోర్డు ఎవరు పెట్టించారు?" అన్నారు.

"నేనే బాబాయిగారూ," అంది కోడలు. ఆ చెప్పడంలో ఇంకా కాస్త గర్వం మిగిలి ఉంది. కార్ఖానాలో పనివాళ్ళు చాటున తనని దరఖాస్తమ్మ అంటారని ఆమెకి తెలుసు. అన్నా పట్టించుకోదు. అడగడంలో తప్పేముందని ఆమె వాదన.

"అనుమతి నువ్వే అడిగావా?"

"నేనే. ఇన్‌స్పెక్టరుగారు చాలా మంచివారండీ. ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. స్వయంగా వచ్చి గట్టంతా నడిచి చూసి ఇచ్చారు. ఆయనదీ మా ఒడ్డే."

ప్లీడరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది మచ్చలేకుండానే ఉంది. కోర్టులో చెడ్డ కబురు చెప్పేముందు ఆయనకది అలవాటు.

"చూడమ్మాయ్. నువ్వు మీ ఇంటి గుమ్మం దాటేటప్పుడు ఎవర్నయినా అడుగుతావా?"

"ఎందుకడుగుతాను? మా ఇల్లు కదా."

"మరి పక్కింటి గుమ్మం?"

ఎటు తీసుకెళుతున్నారో అర్థమవుతున్నట్టూ, అర్థం కావడం ఇష్టం లేనట్టూ చూసింది కోడలు.

"ఇన్నాళ్ళూ మనం ఆ గట్టుని మన గుమ్మంలాగే దాటాం. పగలు, అందరూ చూస్తుండగా. ఎవరూ వద్దనలేదు, మనం ఎవర్నీ అడగలేదు. ఈ ఒడ్డున హక్కు అలాగే పుడుతుంది. వాడగా వాడగా మనదవుతుంది. కానీ ఒక్క షరతు. అడక్కుండా వాడాలి. అడిగావంటే, బాబూ ఇది నాది కాదు, మీది అని నీ నోటితో నువ్వు ఒప్పుకున్నట్టే. అప్పుడు వాళ్ళిచ్చేది దయ. దయ దలిచినవాడు రేపు మనసు మార్చుకుంటే మనం చేసేదేం లేదు."

"ఇచ్చిన అనుమతి ఎలా తీసేస్తారండీ?" కోడలి గొంతు లేచింది. "మా ఒడ్డున అయితే ఒకసారి ఇచ్చాక సరైన కారణం చూపించకుండా వెనక్కి తీసుకోవడం వాళ్ళ తరం కాదు. పుస్తకంలోనే ఉంది."

"ఇది మీ ఒడ్డు కాదమ్మా," అన్నారాయన, జాలిగా.

కోడలి తండ్రికి పుస్తకపు ఒడ్డున సబ్బుల కార్ఖానా ఉండేది. చిన్నప్పుడు ఆమె కళ్ళారా చూసింది. పొగగొట్టం ఎక్కడ పెట్టాలని తండ్రి అడిగితే ఆఫీసరు సైకిలు మీద వచ్చి, పుస్తకం చూసి, సుద్దముక్కతో నేలమీద గుండ్రంగా గీసి, "ఇక్కడ పెట్టండి" అని వెళ్ళాడు. తర్వాత ఇరుగుపొరుగు పొగ అని గొడవకొస్తే ఆ ఆఫీసరే మళ్ళీ వచ్చి, "ఆయన్నెందుకంటారు? చెప్పింది నేను. నన్నడగండి" అన్నాడు. ఆ మాటతో గుంపు విడిపోయింది. ఆ రోజు తండ్రి మొహంలో కనిపించిన నిశ్చింత ఆమె మనసులో అలా అచ్చుపడిపోయింది. ప్రభుత్వమంటే ఆమెకి సుద్దముక్క పట్టుకుని వచ్చే ఇంటిపెద్ద. అడిగితే చెబుతుంది, చెప్పాక మన పక్కన నిలబడుతుంది. అడగకపోవడమే తప్పు.

అలాంటి పిల్ల ఈ ఒడ్డుకి వచ్చి గట్ల ఆఫీసు మెట్లెక్కినప్పుడు అక్కడి గుమాస్తా, "మేము చెప్పకూడదు, ప్లీడర్ని అడుక్కోండి" అని మొహం తిప్పేసుకున్నాడు. ఆ గుమాస్తాది పొగరనుకుంది గానీ ఈ ఒడ్డు మర్యాదే అదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ బెంగతో రాత్రుళ్ళు ఆమెకి నిద్రపట్టకపోవడం భర్త ఒక్కడే చూశాడు. అప్పుడే కొత్త ఇన్‌స్పెక్టరు కార్ఖానా గేటు దగ్గర ఆగి, "మీరు ఆ ఒడ్డువారటగా అమ్మా! ఒక్కమాట అడగండి, నేను ఇచ్చేస్తాను, నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు. ఎడారిలో నీళ్ళు దొరికినట్టనిపించింది. అడిగేసింది.

ఇంతసేపూ అత్తగారు చేతిలో ఓ తాడు ముక్క పెట్టుకుని దాని పురి విప్పుతోంది, మళ్ళీ పేనుతోంది.

"దారేమైనా ఉందా, తమ్ముడూ?"

ప్లీడరుగారు నీళ్ళు నమిలారు. ఒకసారి కోడలి వైపు చూసి, ఆమెని బయటికి పంపితే బాగుండుననుకుని, పంపలేక, చెప్పేశారు.

"ఒకటుంది అక్కా. అనుమతి అడిగింది కార్ఖానా కాదు అనాలి. ఇంటి కోడలు, కొత్తగా వచ్చిన పిల్ల, తెలియక అడిగింది. ఆమెకి ఈ కార్ఖానాలో పూచికపుల్లంత అధికారం లేదు, ఆమె మాటకి మేము కట్టుబడనక్కర్లేదు, అని నువ్వు జడ్జిగారి ముందు చెప్పాలి. అంతే. దారినపోయేవాళ్ళెవరో మన గట్టు గురించి అడిగితే మన హక్కు పోదుగా?"

"అధికారం లేదనా?"

"లేదని."

అత్తగారి చేతిలో తాడు ముక్క ఆగిపోయింది. ఆ గదిలో ముగ్గురికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. వానలు వెలిసిన రోజున అత్తగారు పనివాళ్ళందరినీ తాడు పేనే చక్రం దగ్గర నిలబెట్టి, తన అత్తగారి దగ్గర్నించి తనకొచ్చిన చక్రం పిడిని కోడలి చేతికిచ్చి, "ఇవాళ్టి నించీ ఈ పని ఈ అమ్మాయిది కూడా" అంది. చప్పట్లు కొట్టారు. ముసలి పనివాడొకాయన కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు కూడా కంట తడిపెట్టుకుంది గానీ, సాయంత్రం టీ ఇస్తూ, "అత్తయ్యా, దీన్ని ఆఫీసులో రాయించుకుందామా?" అని అడిగింది. అత్తగారికి తల కొట్టేసినట్టయింది. నా మాట చాలదా అనుకుని రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. రాయించనూ లేదు.

"పిడి ఇచ్చిన సంగతి పనివాళ్ళు బయటికి చెప్పరులే," అన్నారు ప్లీడరుగారు మెల్లగా. "కాగితం ఎటూ లేదు."

అత్తగారు లేచి గదిలోంచి వెళ్ళిపోయింది.

కోడలు వెళ్ళేసరికి అత్తగారు షెడ్డులో నార మోపుల మధ్య పీట వేసుకుని కూర్చుంది. నార దువ్వెనకి పట్టించి ఈడుస్తోంది. కోపమొచ్చినా దిగులొచ్చినా ఆవిడ చేసే పని అదే. ఆ రోజు నార మామూలుకంటే చాలా నున్నగా వచ్చింది.

కోడలు ఎదురుగా కూర్చుని తనూ ఓ దువ్వెన అందుకుంది.

"నన్ను తిట్టండి అత్తయ్యా."

"తిడితే గొలుసు ఊడుతుందా?"

"నాకు నిజంగా తెలీదు. మీకు మేలు చేద్దామనే..."

"అదే నా ఏడుపు," అంది అత్తగారు. "చెడు చేద్దామని చేసుంటే ఈపాటికి నిన్ను నాలుగు దులిపి, కడుపునిండా అన్నం తిని పడుకునేదాన్ని."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తగారు నార ఈడుస్తూనే అడిగింది.

"మొన్న వ్యాపార సంఘం నించి సర్వేకని ఒకమ్మాయి వచ్చింది, గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు! 'ప్రభుత్వం మీ వ్యాపారానికి ఎంతవరకు సాయపడుతోంది?' అని ఆ పిల్ల అడిగితే, కోడలు 'చాలా' అంది. అత్తగారు అదే ఊపులో 'అస్సలు లేదు' అంది. ఒక సంస్థకి ఒకే జవాబుండాలని ఆ పిల్ల బతిమాలింది. ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి ఆ పిల్ల కలం జేబులో పెట్టుకుని, మంచినీళ్ళు తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

"ఆ పిల్ల వెళ్ళాక నువ్వు నాతో ఏమన్నావు? ఇంత మంచి ఆఫీసు పెట్టుకుని సాయం లేదంటారేంటి అత్తయ్యా, పాపం కదా, అన్నావు. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా విను. నేను ఫిర్యాదు చెయ్యలేదే పిల్లా. మెచ్చుకున్నాను. ఇన్నేళ్ళలో ఆఫీసు నా గడప తొక్కలేదు. నన్ను మరిచిపోయింది. నాకు అది చేసిన సాయం అదే."

"మరి కష్టమొస్తే?"

"కష్టమొస్తే కోర్టుంది. జడ్జి వింటాడు, ఇరువైపులా చూస్తాడు. ఆఫీసు అలా కాదు. ఇక్కడ గట్టు చివర వలలు అల్లే ఆయన ఉండేవాడు. వరదొచ్చిన ఏడు, నా గుంజలు పోయాయి, సాయం చెయ్యండి అని వెళ్ళి అడిగాడు. చేశారు. కాదన్ను. ఆ తర్వాత నీ షెడ్డు ఎంతుంది, నీ దగ్గర ఎంతమంది, ఆ గుంజ ఇక్కడెందుకు పాతావు అని ఒకటే రాకపోకలు. పాపం, వాళ్ళు మంచివాళ్ళే. అడిగాక చూడకుండా ఎలా ఉంటారు? చూసిచూసి ఆ మనిషి విసుగెత్తి వలలు మానేశాడు."

కోడలు దువ్వెన కింద పెట్టింది. "మా నాన్నగారి పొగగొట్టం కథ మీకు చెప్పాను కదా. ఆ ఆఫీసరు లేకపోతే మా కార్ఖానా ఆ రోజే మూతపడేది. మాకు కోర్టంటే భయం అత్తయ్యా. కోర్టుకి వెళ్ళారంటే ఆ ఇల్లు మునిగినట్టే అనుకుంటాం. మీరు జడ్జి పేరు చెప్పి ధైర్యం తెచ్చుకుంటారు, మేము ఆఫీసరు పేరు చెప్పి."

"ఒకే ప్రభుత్వం," అంది అత్తగారు.

"ఒకే ప్రభుత్వం."

షెడ్డు బయట కోడలి భర్త గొలుసు దాకా వెళ్ళి, దాన్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. నార మోపు నడుముకి చుట్టుకుని, చక్రం నుంచి వెనక్కి నడుస్తూ పోగు తీయడం అతని పని. జీవితమంతా వెనక్కే నడవడంతో పనివాళ్ళు అతనికి వెనకడుగుబాబు అని పేరు పెట్టారు. అమ్మ మాట కాదనడు, ఆలి మాట కాదనడు, మధ్యలో తన మాటంటూ ఒకటుందో లేదో ఎవరికీ తెలియదు. గొడవ మొదలైన దగ్గర్నించీ అతనికి అన్నం సహించడం లేదు. తల్లిమీద బెంగ అనుకున్నారు అందరూ.

"బాబాయిగారు చెప్పినట్టే చేద్దాం," అంది కోడలు హఠాత్తుగా. "నాకు అధికారం లేదని చెప్పండి."

"నోరు మూసుకో."

"అబద్ధమేం కాదుగా? మా ఒడ్డు లెక్కన చూస్తే రాసుకోలేదు కాబట్టి లేనట్టే. నేనే చెబుతాను. మీరు ఊరికే ఉండండి చాలు. పనివాళ్ళందరి కూడూ ఆ గట్టు మీదే ఉంది. నా పేరుదేముంది?"

అత్తగారు తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. గొంతు మాత్రం తొణకలేదు. మాటిచ్చిన రోజున కాగితం అడిగిందని తను ఎంత నొచ్చుకుందో అత్తగారికి గుర్తొచ్చింది. ఇప్పుడా కాగితం లేకపోవడాన్నే అడ్డం పెట్టుకుని, ఆ మాట తినెయ్యమంటున్నారు. తనకి సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి, రాయించి ఉంటే బాగుండేదేమో అనిపించింది. రాసి ఉంటే ఎవరూ తనని ఈ మాట అడిగి ఉండేవారు కాదు.

పైకి మాత్రం, "నార తడి ఆరనివ్వకు," అని లేచి వెళ్ళిపోయింది.

ప్లీడరుగారు కోర్టులో కేసు వేశాక, జడ్జిగారు స్థలం చూడటానికి వచ్చిన ఉదయం గాలి లేదు. కోర్టు చెప్పడంతో గోడౌను యజమాని గొలుసు తీయించాడు గానీ, దాన్ని చుట్టగా చుట్టించి అందరికీ కనబడేట్టు గట్టు పక్కనే పెట్టించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చినవాడిలా అందరినీ పలకరిస్తున్నాడు. గట్ల ఇన్‌స్పెక్టరు ఓ వారగా, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. తను చేసిన మేలు ఇలా తిరగబడిందని తెలిసినప్పట్నించీ అతను కోడలి కంట పడకుండా తిరుగుతున్నాడు.

జడ్జిగారు నెమ్మదస్తుడు. గట్టు చివరిదాకా నడిచి వెళ్ళి, ఇన్నేళ్ళ నడకలకి గట్టు మీద పడ్డ గాడిని వంగి చేత్తో తడిమి చూశారు. గడ్డి కూడా మొలవని గాడి అది. తిరిగొచ్చి, "పని చేసి చూపిస్తారా?" అన్నారు.

కోడలి భర్త నార మోపు నడుముకి చుట్టుకున్నాడు. చక్రం కొక్కేనికి నార కొస తగిలించాడు. తిప్పే మనిషి కోసం చూస్తుండగా జడ్జిగారు ఆపి, "ఒక్క ప్రశ్న. అనుమతి అడిగింది ఎవరు?" అన్నారు.

"నేనండీ," అంటూ కోడలు ముందుకొచ్చింది.

"కార్ఖానాలో మీరెవరు?"

"నేను ఈ ఇంటి కోడల్నండీ. కార్ఖానాలో నాకు భాగం ఉన్నట్టు ఎక్కడా రాసిలేదు." నాలుగు రోజుల్నించీ అద్దం ముందు చెప్పుకున్న మాట అది. తడబడకుండా వచ్చింది.

ప్లీడరుగారు ఊపిరి వదిలారు. జడ్జిగారు మాత్రం కదల్లేదు.

"రాసిలేదన్నారు. లేదనలేదు," అన్నారు మెల్లగా. "మీదే ఒడ్డమ్మా?"

"అవతలదండీ."

"అనుకున్నాను." ఆయన అత్తగారి వైపు తిరిగారు. "మీరు చెప్పండి. ఈమెకి ఈ పనిలో భాగం ఉందా, లేదా?"

లేదు అన్న రెండక్షరాలు చాలు. గట్టు దక్కుతుంది. పనివాళ్ళు తలలు దించుకున్నారు. చూడకపోతే విననట్టే అని వాళ్ళ భ్రమ. ప్లీడరుగారు అక్క కళ్ళలోకి చూడాలని ప్రయత్నిస్తున్నారు. ఆవిడ చూపు కలపడం లేదు. కోడలు తల అడ్డంగా ఊపుతోంది, చెప్పెయ్యండి అన్నట్టు.

అత్తగారు చక్రం దగ్గరికి వెళ్ళి పిడి ఊడదీసింది. చేతి రాపిడికి నునుపెక్కి, నల్లబడ్డ చెక్క పిడి. తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"పని చూపించమన్నారు కదండీ," అంది జడ్జిగారితో. "ఇది తిప్పాల్సింది ఈ అమ్మాయే. పదిమందిలో ఇచ్చాను. ఇవాళ మీరు చూస్తున్నారని వెనక్కి తీసుకోను. గట్టు పోతే పోనీండి. మాట పోతే ఇక ఈ ఒడ్డున మాకు మిగిలేదేముంది?"

కోడలికి పిడి కనబడటం లేదు, కళ్ళనిండా నీళ్ళు. "తిప్పు అమ్మాయ్," అంది అత్తగారు చిన్నగా, "మీ ఆయన నిలబడిపోయాడు పాపం."

ఆమె పిడి బిగించి చక్రం తిప్పింది. భర్త వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నడుము దగ్గర్నించి నార పాములా జారుతోంది, పోగు సన్నగా పురెక్కుతోంది. ఈ పనికి ఒకటే నియమం. చక్రం తిరుగుతున్నంతసేపూ నడిచేవాడు ఆగకూడదు. ఆగాడా, పురి ముదిరి పోగు మెలిపడి తెగుతుంది. అత్తగారి మామగారు పోగు తీస్తుండగా ఆయన తండ్రి పోయిన కబురొస్తే, గట్టు చివరిదాకా నడిచి, పోగు కట్టి, అప్పుడు కూర్చుని ఏడ్చారట. ఆ ఇంట్లో అందరికీ ఆ కథ తెలుసు.

జడ్జిగారు కాసేపు చూసి, నిట్టూర్చారు. "అయితే అనుమతి అడిగింది కార్ఖానా యజమానుల్లో ఒకరే అన్నమాట."

గోడౌను యజమాని చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఒక్క మాట చెప్పనివ్వండి." అన్నది గట్ల ఇన్‌స్పెక్టరు. ఈ ఒడ్డున తగాదాల్లో ఆఫీసర్లు నోరు విప్పరు. అందరూ అటు తిరిగారు. అతను టోపీని రెండు చేతుల్తో నలుపుతూ ముందుకొచ్చాడు. "మా ఒడ్డున అయితే, మేము చెప్పినదాని వల్ల జనానికి ఇబ్బందొస్తే మేమే వచ్చి నిలబడాలి. అందుకే మాట్లాడుతున్నాను. ఆమె తనంతట తాను నా దగ్గరికి రాలేదండి. నేనే వెళ్ళి అడగమన్నాను."

కోడలు చక్రం తిప్పుతూనే ఆశ్చర్యంగా చూసింది. నిజమే. గేటు దగ్గర ఆగి ముందు పలకరించింది అతనే. తనది ఆ ఒడ్డని అతనికెలా తెలుసో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

"మీరెందుకన్నారు?" అడిగారు జడ్జిగారు.

"నన్ను అనమన్నారు. నా దగ్గరికి వచ్చి, ఆమెతో ఎలాగైనా ఒక్కమాట అడిగించండి, నా పేరు బయటికి రానివ్వకండి అని బతిమాలుకున్న మనిషి ఉన్నారు."

అందరి తలలూ ఒక్కసారిగా గోడౌను యజమాని వైపు తిరిగాయి. ఆయన నోరు తెరుచుకుపోయింది. "నేను కాదండీ! నాకేం తెలీదు!" అన్నాడు. ఆ మనిషి మొహంలో నిజం కనబడటం ఆ ఊళ్ళో అదే మొదటిసారేమో, అందరూ నమ్మేశారు.

"మరెవరు?" అన్నారు జడ్జిగారు.

ఇన్‌స్పెక్టరు జవాబు చెప్పేలోపే కోడలి చేతిలో పిడి బిగుసుకుంది. ఎదుట పోగు ముడుచుకుని, మెలికలు పడి, ఫట్టున తెగింది. ఆమె ఉలిక్కిపడి తలెత్తి గట్టు వైపు చూసింది.

గట్టు మధ్యలో, మొన్నటిదాకా గొలుసు ఉన్న చోట, నడుముకి నారతో తలొంచుకుని, ఆమె భర్త ఆగిపోయి ఉన్నాడు.